సన్నిధాన వర్తనులు: పౌలు ఒక్కసారే రాసిన మాట

అందరికీ వందనాలు. బైబిళ్లు తెచ్చుకున్నవాళ్లు మొదటి కొరింథీ పత్రిక 7వ అధ్యాయం 35వ వచనం తీయండి. ఇవాళ మన పాఠం ఆ ఒక్క వచనమే. అందులోనూ ఒక్క మాట దగ్గరే ఎక్కువసేపు ఆగుతాం.

మన పాత తెలుగు బైబిల్లో అది ఇలా ఉంది: "మీకు ఉరియొడ్డవలెనని కాదుగాని మీరు యోగ్యప్రవర్తనులై, తొందర యేమియు లేక ప్రభువు సన్నిధాన వర్తనులై యుండవలెనని యిది మీ ప్రయోజనము నిమిత్తమే చెప్పుచున్నాను."

ఇక్కడ "సన్నిధాన వర్తనులు" అని తెలుగు చేసిన చోట గ్రీకులో ఉన్న మాట యూపరెద్రొన్. కొత్త నిబంధన మొత్తంలో ఇది ఈ ఒక్క చోటే వస్తుంది. భక్తిని చెప్పడానికి పౌలు దగ్గర వేరే మాటలు లేక కాదు. ఆరాధనకు లాత్రెయియా ఉంది, దైవభక్తికి యూసెబెయియా ఉంది, ప్రార్థనలో పట్టుదలకు ప్రొస్కర్తెరేసిస్ ఉంది. అవన్నీ పక్కన పెట్టి ఇక్కడ ఈ మాట ఎందుకు ఎత్తుకున్నాడన్నదే మనం చూడాల్సింది.

ఇంకో సంగతి. ఈ ఒక్క వాక్యంలో కొత్త నిబంధనలో మరెక్కడా రాని మాటలు మూడున్నాయి. "ఉరి" అన్నచోట బ్రొఖొస్, మన యూపరెద్రొన్, "తొందర యేమియు లేక" అన్నచోట అపెరిస్పాస్తోస్. మూడు అరుదైన మాటలు ఒకే వాక్యంలో పడ్డాయంటే రాసినవాడు ఆచితూచి రాస్తున్నాడని అర్థం. ఏ మాట వాడితే ఎవరు ఎలా అపార్థం చేసుకుంటారో అని అడుగడుగునా చూసుకుంటున్నాడు. అలా చూసుకోవాల్సిన విషయమే మరి. పెళ్లి కావలసిన వాళ్ల గురించి, పెళ్లి వద్దనుకునే వాళ్ల గురించి మాట్లాడుతున్నాడు.

ముందు మాటను విప్పి చూద్దాం. ఇందులో మూడు ముక్కలున్నాయి. "యూ" అంటే బాగా, చక్కగా. "పరా" అంటే పక్కన. "హెద్రా" అంటే ఆసనం, కూర్చునే చోటు. మూడూ అతికేటప్పుడు రెండు మార్పులు జరుగుతాయి. పరా చివరి అచ్చు పడిపోతుంది, హెద్రా మొదట్లోని హకారం కూడా పోతుంది. అందుకే "పరెద్ర" మిగిలింది. పరెద్రొస్ అంటే పక్కన కూర్చునేవాడు. దానికి ముందు యూ చేరితే చక్కగా, విడవకుండా పక్కన కూర్చుని ఉండేది. చివర్లో "ఒన్" నపుంసక లింగానికి గుర్తు. విశేషణాన్ని ఆర్టికల్‌తో, అంటే ఇంగ్లిష్ "the" లాంటి మాటతో, కలిపి నామవాచకంగా వాడాడు. ఆ ఆర్టికల్ కూడా ఒక్కటే. "యోగ్యప్రవర్తన" అన్న ముందు మాటకూ ఈ మాటకూ కలిపి ఒకే ఆర్టికల్ పెట్టాడు. అంటే రెండు వేర్వేరు గుణాలు చెప్పడం లేదు. చూడ్డానికి పద్ధతిగా ఉండడం, ప్రభువు పక్కన ఉండడం, ఈ రెంటినీ ఒకే ముడి వేశాడు.

హెద్రా అనే మాట మీకు కొత్తేమీ కాదు. బిషప్ గారి ఆసనం ఉండే గుడిని కెతీడ్రల్ అంటాం. మెదక్ కెతీడ్రల్ అన్నప్పుడల్లా మీరు ఈ ముక్కనే పలుకుతున్నారు. కథెద్రా అంటే పీఠం. యూదుల మహాసభను సన్‌హెద్రిన్ అంటారే, అది గ్రీకు సునెద్రియొన్. కలిసి కూర్చునే చోటని అర్థం. ఇదే ముక్కకు "లోపల" అనే ఉపసర్గ చేరిస్తే ఎనెద్రా, అంటే మాటువేసి కూర్చోవడం. అపొస్తలుల కార్యములు 23వ అధ్యాయంలో పౌలును చంపడానికి నలభై మందికి పైగా పొంచి ఉన్నది అలాంటి మాటులోనే. కూర్చోవడం ఒకటే. ఎక్కడ, ఎవరి పక్కన, ఎందుకు కూర్చున్నారన్నది ఉపసర్గ చెబుతుంది.

ధాతువు లోతుకు వెళ్తే మన దగ్గరికే వస్తాం. గ్రీకు హెద్, లాటిన్ సెద్, సంస్కృతం సద్, మూడూ ఒకే తల్లి పిల్లలు. సదస్సు, సభాసదులు, పరిషత్తు, ఉపనిషత్తు, అన్నిటిలోనూ ఈ "సద్" ఉంది. విష్ణువు చుట్టూ ఉండే వాళ్లను పారిషదులు అంటారు. చుట్టూ కూర్చునేవాళ్లని. "ఉపాసన"లో ధాతువు వేరైనా బొమ్మ అదే: ఉప అంటే దగ్గర, ఆసన అంటే కూర్చోవడం. అచ్చతెలుగులోకి వస్తే కొలువు అనే మాటే చూడండి. రాజు కొలువుదీరాడంటే సభలో కూర్చున్నాడు. కొలువులో ఉన్నాడంటే ఉద్యోగంలో ఉన్నాడు. దేవుణ్ణి కొలిచాడంటే పూజించాడు. సభ, ఉద్యోగం, ఆరాధన, మూడూ ఒకే మాటలో ఇమిడిపోయాయి. యూపరెద్రొన్‌కు మన భాషలో ఇంత దగ్గరి మాట ఇంకోటి కనబడదు.

ఇక్కడ ఒక హెచ్చరిక చెప్పాలి. ఇది చాలా ప్రసంగాల్లో జరిగే తప్పు. మాటను ముక్కలు చేసి, ముక్కల అర్థాలు కూడి, అదే మాటకు అర్థం అనేస్తాం. అది ప్రతిసారీ నిలబడదు. మన అలంకార శాస్త్రంలో చెప్పే ఉదాహరణే తీసుకోండి. కుశలుడు అంటే వ్యుత్పత్తి ప్రకారం దర్భలు తెచ్చేవాడు. ప్రవీణుడంటే వీణ బాగా వాయించేవాడు. ఇవాళ కంప్యూటర్‌లో ప్రవీణుడు అంటే ఎవరికీ వీణ గుర్తుకు రాదు. రూఢి, అంటే వాడుకలో స్థిరపడిన అర్థం, వచ్చాక వ్యుత్పత్తి వెనక్కి పోతుంది. గ్రీకులోనూ అంతే. అందుకని యూపరెద్రొన్‌లో "పక్కన కూర్చోవడం" అనే బొమ్మ పౌలు కాలానికి బతికే ఉందా, చచ్చిపోయిందా అని విడిగా రుజువు చేసుకోవాలి. ఒక్కసారే వచ్చిన మాట విషయంలో ఇది మరీ ముఖ్యం. పోల్చి చూడ్డానికి రెండో వాక్యం ఉండదు కదా.

రుజువు ఎక్కడ దొరుకుతుంది? మొదట అదే పత్రికలో వెతకాలి. రెండు అధ్యాయాలు తిప్పి 9:13కు రండి. "బలిపీఠమునొద్ద కనిపెట్టుకొనియుండువారు బలిపీఠముతో పాలివారై యున్నారు" అని ఉంది. ఆ "కనిపెట్టుకొనియుండు" అన్నచోట గ్రీకులో పరెద్రెవో అనే క్రియ ఉంది. మన పరెద్రొస్ నుంచి పుట్టిన క్రియే అది. అదే చేయి, అదే పత్రిక. బలిపీఠం దగ్గర యాజకుడు నిజానికి కూర్చోడు, నిలబడే పనిచేస్తాడు. అయినా పౌలు ఈ మాటే వాడాడు. కాబట్టి ఇక్కడ లెక్కలోకి వచ్చేది మోకాళ్లు మడిచే భంగిమ కాదు. విధి మీద, వదలకుండా, దగ్గర ఉండడమే దాని అర్థం. బలిపీఠం మీద నిప్పు ఆరిపోకూడదు, బలి వచ్చినప్పుడు మనిషి అక్కడే ఉండాలి. మన సంఘాల్లో "దేవుని సన్నిధిలో కనిపెట్టడం" అంటాం చూశారా, ఆ వాడుక ఈ క్రియకు చాలా దగ్గర.

రెండో రుజువు పాత నిబంధన గ్రీకు అనువాదంలో ఉంది. సామెతలు 1:21, 8:3 చూడండి. జ్ఞానం గుమ్మాల దగ్గర నిలిచి కేక వేస్తుందనే మాటలు. ఆ రెండు చోట్లా గ్రీకు అనువాదకులు ఇదే పరెద్రెవో పెట్టారు: జ్ఞానం అధికారుల గుమ్మాల పక్కన కూర్చుని ఉంటుంది అని. కథోలిక బైబిల్లో ఉండే సొలోమోను జ్ఞానగ్రంథంలో ఇంకా స్పష్టంగా ఉంది. 9:4లో సొలోమోను ప్రార్థన, నీ సింహాసనాల పక్కన కూర్చునే జ్ఞానాన్ని నాకియ్యి అని. అక్కడున్నది పరెద్రొస్ అనే మాటే. 6:14లో ఇంకో అందమైన సంగతి ఉంది. పొద్దున్నే లేచి జ్ఞానాన్ని వెతికేవాడు కష్టపడనక్కర్లేదట, తన గుమ్మం పక్కనే అది కూర్చుని కనబడుతుందట. అక్కడా పరెద్రొస్సే. తలుపు తీసేసరికి అరుగు మీద కూర్చుని ఉన్న మనిషిని తలుచుకోండి. గ్రీకు లేఖనాలు చదివి పెరిగిన యూదుడికి ఈ మాటలో బొమ్మ చావలేదు, కళ్లముందే ఉంది.

మూడో రుజువు గ్రీకు నగరాల పాలనలోది. దీని దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే కొరింథు వాళ్లు మాటను ఏ చెవితో విని ఉంటారో ఇది చెబుతుంది. ఏథెన్సులో ముగ్గురు పెద్ద అధికారులుండేవారు: ఆర్కాన్, బసిలెవుస్, పొలెమార్ఖొస్. ఒక్కొక్కరు తమకు నచ్చిన ఇద్దరిని పక్కన కూర్చోబెట్టుకునేవారు. ఆ ఇద్దరినీ పరెద్రొయి అనేవారు. అరిస్టాటిల్ పేరుతో వచ్చిన ఏథెన్సు రాజ్యాంగం 56వ భాగంలో ఈ వివరం ఉంది. నచ్చినవాణ్ణి పెట్టుకోవచ్చు సరే, కానీ ఆ మనిషి కూర్చునే ముందు న్యాయస్థానంలో అర్హత పరీక్షకు నిలవాలి. పదవి ముగిశాక లెక్క అప్పజెప్పాలి. ముందు పరీక్ష, తర్వాత లెక్క, ఈ రెంటి మధ్య పక్కన కూర్చోవడం. కాబట్టి పరెద్రొస్ అంటే ఊరికే దగ్గర తిరిగే మనిషి కాదు. పిలిచి కూర్చోబెట్టిన మనిషి, జవాబుదారీ ఉన్న మనిషి. 4:2లో గృహనిర్వాహకుల గురించి పౌలు చెప్పిన మాట కూడా ఈ పక్కనే పెట్టుకోండి. నమ్మకమైనవాడై ఉండాలి అన్నాడు.

దేవతల విషయంలోనూ ఈ మాట ఉండేది. గ్రీకు కవి పిండార్ తన ఎనిమిదో ఒలింపియా గీతంలో థెమిస్, అంటే ధర్మదేవత, దేవతల రాజైన జ్యూస్ పక్కన కూర్చునేది అంటాడు. ఐగుప్తులో దొరికిన మంత్రతంత్రాల పపైరస్ చుట్టల్లో పరెద్రొస్ అంటే మాంత్రికుడు పిలిచి తన పక్కన నిలుపుకొనే సేవక భూతం. ఆ చుట్టల్లో ఎక్కువ భాగం పౌలు తర్వాతి కాలానివి, కాబట్టి పౌలు వాటికి జవాబు చెబుతున్నాడని మనం అనకూడదు. కానీ రెంటినీ ఎదురెదురుగా పెడితే దిశ తిరగబడింది. అక్కడ మనిషి ఒక శక్తిని తన పక్కన కూర్చోబెట్టుకుంటాడు. ఇక్కడ మనిషే ప్రభువు పక్కన కూర్చుంటాడు.

అలెగ్జాండ్రియాలో అయిదో శతాబ్దం ప్రాంతంలో హెసూఖియొస్ అనే నిఘంటుకారుడు అరుదైన మాటలు పోగుచేశాడు. ఆయన యూపరెద్రొన్‌కు ఇచ్చిన అర్థం రెండే మాటలు: చక్కగా పక్కన నిలిచి ఉండేది. గ్రీకు మాతృభాషగా ఉన్నవాడు కూడా అర్థం రాయాల్సి వచ్చిందంటే మాట అప్పటికే ఎంత అరుదో తెలుస్తుంది.

ఇప్పుడు పాఠభేదం సంగతి, అంటే చేతిప్రతుల మధ్య మాటల తేడా. మీలో కొందరు గ్రీకు పాఠం తెరిచి "నా పుస్తకంలో ఇంకోలా ఉందే" అనుకుంటారు. నాలుగో శతాబ్దపు సినాయి ప్రతి, వాటికన్ ప్రతి లాంటి పాత చేతిప్రతుల్లో యూపరెద్రొన్ ఉంది. తర్వాతి బైజాంటియమ్ ప్రతుల్లోనూ, వాటి మీద ఆధారపడి 1550లో స్తెఫానుస్ అచ్చువేసిన గ్రీకు పాఠంలోనూ యూప్రొసెద్రొన్ ఉంది. పరా బదులు ప్రొస్. పరా అంటే పక్కన, ప్రొస్ అంటే వైపుకు. ప్రొసెద్రెవో అనేది ఆ కాలంలో బాగా వాడుకలో ఉన్న మాట. వదలకుండా పనిమీద ఉండడం, చివరికి కోటను ముట్టడించి కూర్చోవడం కూడా దాని అర్థమే. ప్రతి రాసేవాడికి తెలియని మాట ఎదురైతే తెలిసిన మాట రాసేయడం సహజం. తెలిసిన మాటను తెలియని మాటగా మార్చడం అరుదు. అందుకే కష్టమైన పాఠానికే విలువ ఎక్కువ. 9:13లో కూడా సరిగ్గా ఇదే మార్పు జరిగింది: పాత ప్రతుల్లో పరెద్రెవో, తర్వాతి వాటిలో ప్రొసెద్రెవో. రెండు చోట్లా ఒకే దిశలో జారడం చూస్తే ఏది ముందో అనుమానం మిగలదు. అర్థం తలకిందులేమీ కాదు. పక్కన ఉండడంలోని చనువు మాత్రం కాస్త తగ్గుతుంది.

ఇక తోడు మాట, అపెరిస్పాస్తోస్. నన్నడిగితే వచనం బరువంతా దీనిమీదే ఉంది. స్పావో అంటే లాగడం, దూయడం. మార్కు 14:47లో కత్తి దూసినప్పుడు అదే క్రియ. కండరం పట్టేస్తే డాక్టర్లు స్పాజమ్ అంటారు, అదీ దీని బిడ్డే. దానికి "చుట్టూ" అనే పెరి చేరితే పెరిస్పావో, అంటే నాలుగు పక్కలకీ లాగడం. ముందు "అ" చేర్చితే అలా లాగబడకుండా. లౌకిక రచయితలు కూడా దీన్ని పెళ్లి సందర్భంలోనే వాడారు. పౌలు తర్వాతి తరంవాడైన ఎపిక్తెతుస్ అనే స్తోయిక్ గురువు, ఇల్లూ ఆస్తీ వదిలి తిరిగే సినిక్ తత్వవేత్త పెళ్లి చేసుకోవచ్చా అన్న ప్రశ్నకు జవాబిస్తూ, అతడు నాలుగు పక్కలకీ లాగబడకుండా పూర్తిగా దేవుని సేవలో ఉండాలి అంటూ ఈ మాటే అంటాడు. బిడ్డకు స్నానానికి నీళ్లు కాచే పాత్ర దగ్గరి నుంచి సంసారపు పనులన్నీ లెక్కపెడతాడు కూడా. అంటే ఈ చర్చ ఆ కాలపు ఊళ్లలో జరుగుతున్నదే. పౌలు ఊరి చర్చలోని మాటను తీసుకుని దాని పక్కన "ప్రభువు" అని చేర్చాడు.

ఇప్పుడు లూకా 10వ అధ్యాయం, బేతనియ ఇల్లు. మార్త విస్తారమైన పని పెట్టుకొనుటచేత "తొందరపడి" అని 40వ వచనం. అక్కడ గ్రీకు క్రియ పెరిస్పావోనే. కొత్త నిబంధనలో ఆ క్రియ వచ్చేది అక్కడే. దానికి "అ" చేర్చిన రూపమే మన వచనంలో ఉంది. 39వ వచనంలో మరియ యేసు పాదాల యొద్ద కూర్చుంది. గ్రీకులో పరకథెస్థెయిసా: పరా ఉంది, కూర్చోవడం అనే అదే ధాతువూ ఉంది. 41లో "విచారము" అన్నచోట మెరిమ్నా క్రియ. పౌలు 7:32 నుంచి 34 వరకు "చింతించుచున్నాడు" అని మళ్లీ మళ్లీ అన్నది అదే క్రియ. పక్కన కూర్చోవడం, లాగబడడం, చింత: మూడు దారాలు రెండు చోట్లా ఉన్నాయి. లూకా పౌలును చూసి రాశాడనో, పౌలుకు ఈ కథ తెలుసనో నేను తేల్చి చెప్పను. కానీ యూపరెద్రొన్‌కు వ్యాఖ్యానం కావాలంటే బేతనియలో ఆ గదిని మించింది లేదు.

మన తెలుగు అనువాదకుల పనితనం ఇక్కడే తెలుస్తుంది. లూకాలో పెరిస్పావోకు "తొందరపడి" అన్నారు, కొరింథీలో అపెరిస్పాస్తోస్‌కు "తొందర యేమియు లేక" అన్నారు. గ్రీకులో ఉన్న చుట్టరికం తెలుగులో చెక్కుచెదరలేదు. లాటిన్ వాళ్లకు ఈ వాక్యం చాలా ఇబ్బంది పెట్టింది. 393 ప్రాంతంలో బైబిల్‌ను లాటిన్‌లోకి అనువదించిన జెరోము ఈ గ్రీకు మాటల్ని అలాగే ఉదహరించి, లాటిన్ నుడి దీన్ని విప్పి చెప్పలేకపోతోందని రాశాడు. వుల్గాత అనే లాటిన్ బైబిల్లో చివరికి "అడ్డంకి లేకుండా ప్రభువును వేడుకొనే వీలు" అని తేలింది. కూర్చోవడం పోయి వేడుకోవడం మిగిలింది. 1611 ఇంగ్లిష్ బైబిల్ ప్రభువును కనిపెట్టుకొని ఉండడం అనే భావం పట్టుకుంది. మన "సన్నిధాన వర్తనులు" ఆ రెంటికన్నా మిన్న. సన్నిధానం అంటే దగ్గరుండడం, వర్తనం అంటే అలా మసలుకోవడం. ఒక్క క్షణం కూర్చుని లేచిపోవడం కాదు, అదే నడవడి.

ఒక్క చిక్కు మాత్రం ఉంది. ఇవాళ తొందర అంటే మనకు త్వరపడడం. ఈ వచనం చదివిన కుర్రవాడు "నెమ్మదిగా, నిదానంగా ప్రభువు దగ్గరికి వెళ్లొచ్చు" అని అర్థం చేసుకుంటాడు. పాత తెలుగులో తొందర అంటే ఇబ్బంది, కలత. కన్నడంలో తొందరె, తమిళంలో తొందరవు అంటే ఇప్పటికీ అదే అర్థం. కాబట్టి వేదిక మీద ఈ వచనం చదివేటప్పుడు ఆ మాట దగ్గర ఆగి ఒక వాక్యంలో విప్పి చెప్పండి: మనసును నాలుగు పక్కలకీ లాగేది లేకుండా అని.

చివరిగా, ఈ వచనాన్ని ఎలా వాడకూడదో కూడా చెప్పాలి. పెళ్లి చేసుకున్నవాళ్ల భక్తి తక్కువదని చెప్పడానికి దీన్ని వాడేవాళ్లున్నారు. పెళ్లి వద్దన్న ఆడపిల్లను ఇంట్లో సాధించడానికి అధ్యాయంలోని వేరే వచనాలు వాడేవాళ్లూ ఉన్నారు. ఇద్దరికీ మొదటి మాటే అడ్డం వస్తుంది. బ్రొఖొస్ అంటే వేటగాడు జంతువు మెడకు విసిరే ఉచ్చు. నేను మీ మెడకు ఉచ్చు విసరడం లేదు అని ముందే చెప్పి తర్వాతే సన్నిధానం మాట ఎత్తాడు. 25వ వచనంలో ఇది ప్రభువు ఆజ్ఞ కాదు, నా తాత్పర్యం అన్నాడు. 9:5లో కేఫా, మిగతా అపొస్తలులు భార్యల్ని వెంటబెట్టుకుని తిరిగే సంగతి తానే రాశాడు. 7:5లో దంపతులకు ప్రార్థన కోసం "సావకాశము" కలగాలన్నాడు. ఉచ్చు వేసి లాక్కొచ్చినవాడు పక్కన ఉండొచ్చు గానీ, పరెద్రొస్ కాడు. ముందున్న "యూ" అనే అక్షరం అక్కడ అతకదు.

ఇంటికి వెళ్లాక పెన్సిల్ తీసుకుని 7:35లో "సన్నిధాన" కింద, 9:13లో "కనిపెట్టుకొనియుండువారు" కింద, లూకా 10:39లో "కూర్చుండి" కింద గీతలు పెట్టి, పక్కన ఒకదానికొకటి వచన సంఖ్యలు రాసుకోండి. 10:40లో "తొందరపడి" కింద మాత్రం వేరే రంగుతో గీయండి. ప్రశ్నలుంటే ఇప్పుడు అడగండి, పాఠభేదం గురించి అడగాలనుకునేవాళ్లు గ్రీకు పాఠం తెచ్చుకుని ముందుకు రండి.